వైరస్‌కీ క్యాన్సర్‌కీ మధ్య గడిచే ఏళ్లు

తైవాన్‌లో 1970లలో పామర్ బీస్లీ అనే అమెరికన్ వైద్యుడు ఓ పెద్ద పని తలపెట్టాడు. ప్రభుత్వోద్యోగం చేసే 22,707 మంది మగవాళ్ల రక్తం తీయించి, హెపటైటిస్-బి వైరస్ ఎవరిలో ఉందో, ఎవరిలో లేదో రాసి పెట్టుకున్నాడు. 3,454 మందిలో ఉంది. మిగతా పందొమ్మిది వేల మందికి పైగా ఉద్యోగుల్లో లేదు. అందరూ పైకి ఆరోగ్యంగానే ఉన్నారు, రోజూ పనికి వెళ్లొస్తున్నారు. ఆ తర్వాత వాళ్లలో ఎవరికి ఏ జబ్బు చేసినా, ఎవరు చనిపోయినా బీస్లీ బృందం నమోదు చేస్తూ వచ్చింది. 1981లో లాన్సెట్ పత్రికలో ఆ లెక్క అచ్చయింది. కాలేయ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు 41 మంది. వాళ్లలో 40 మంది రక్తంలో మొదటి పరీక్షనాడే వైరస్ కనిపించింది.

లెక్క కడితే వైరస్ ఉన్నవాళ్లకు ముప్పు 223 రెట్లు ఎక్కువ. పొగ తాగేవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పదిహేను నుంచి ముప్పై రెట్లని చెబుతారు. దాని పక్కన పెట్టి చూస్తే ఈ అంకె ఎంత పెద్దదో అర్థమవుతుంది.

అయితే అదే లెక్కను ఇంకో వైపు నుంచి కూడా చదవాలి. వైరస్ ఉన్న 3,454 మందిలో 3,400 మందికి పైగా ఆ ఏళ్లలో కాలేయ క్యాన్సర్‌తో చనిపోలేదు. అంటే వైరస్ లేనివాళ్లకు ఆ జబ్బు దాదాపు రాలేదు, వైరస్ ఉన్నవాళ్లలోనూ ఎక్కువ మందికి రాలేదు. వైరస్‌ల వల్ల వచ్చే క్యాన్సర్లన్నిటినీ అర్థం చేసుకోవడానికి ఈ రెండు మాటలూ కలిపి పట్టుకోవాలి. వైరస్ తలుపు తీస్తుంది. లోపల ఇంకా చాలా జరగాలి, దానికి చాలా ఏళ్లు పట్టాలి.

మన ఇళ్లలో ఇప్పటికీ క్యాన్సర్ వచ్చిన మనిషికి కంచం, గ్లాసు వేరు పెట్టేవాళ్లున్నారు. పిల్లల్ని దగ్గరికి పోనివ్వనివాళ్లున్నారు. ఇది రోగిని జబ్బు కంటే ముందు చంపే పని. క్యాన్సర్ ఒకరి నుంచి ఒకరికి అంటదు. ఒకరి క్యాన్సర్ కణం ఇంకొకరి ఒంట్లోకి చేరినా, మామూలుగా ఆ ఒంటి రక్షణ వ్యవస్థ దాన్ని పరాయిదని పట్టేసి చంపేస్తుంది. అంటుకునేవి కొన్ని వైరస్‌లు మాత్రమే. వాటిలో ముఖ్యమైనవీ పక్కన కూర్చున్నంత మాత్రాన, కలిసి భోంచేసినంత మాత్రాన వచ్చే రకం కాదు. హెపటైటిస్-బి, సి వైరస్‌లు ముఖ్యంగా రక్తం ద్వారా వస్తాయి. బి రకం కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకూ, లైంగిక సంబంధం వల్లా వస్తుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మూలమైన పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ, లైంగిక స్పర్శ వల్ల వస్తుంది.

అలాగని ప్రతి క్యాన్సర్ వెనకా వైరస్‌ను వెతకడమూ తప్పే. ఉత్తరాంధ్ర తీరంలో కొందరు మహిళలు చుట్టను నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగుతారు. వాళ్లకు అంగిట్లో వచ్చే క్యాన్సర్‌కు కారణం పొగాకు, ఆ వేడి. అక్కడ వైరస్‌ను నిందించి లాభం లేదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2018లో ప్రపంచంలో కొత్తగా వచ్చిన క్యాన్సర్లలో సుమారు 22 లక్షలకు సూక్ష్మజీవులు కారణం. నూటికి 13 అన్నమాట. అందులో 8 లక్షలకు పైగా కడుపులో ఉండే హెలికోబాక్టర్ అనే బాక్టీరియా వాటా. మిగిలినవాటిలో అత్యధిక భాగం వైరస్‌లది.

క్యాన్సర్ వెనక వైరస్ ఉండొచ్చన్న మాటను వైద్యలోకం చాలాకాలం చెవిన పెట్టలేదు. 1911లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో పేటన్ రౌస్ ఒక కోడికి వచ్చిన కణితిని నూరి, కణాలు గానీ బాక్టీరియా గానీ దాటలేనంత సన్నని వడపోతగుండా పోనిచ్చి, ఆ రసాన్ని వేరే కోళ్లకు ఎక్కించాడు. వాటికీ కణితులు లేచాయి. కోళ్ల సంగతి మనుషులకు వర్తిస్తుందా అని పెద్దలు పక్కన పెట్టేశారు. అదే పనికి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది 1966లో. అప్పటికి ఆయన వయసు 87.

మనుషుల్లో తొలి ఆనవాలు ఆఫ్రికాలో దొరికింది. ఉగాండా రాజధాని కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో డెనిస్ బర్కిట్ అనే ఐరిష్ శస్త్రవైద్యుడు పనిచేసేవాడు. 1957లో ఆయన దగ్గరికి దవడలు రెండు వైపులా, పైనా కిందా వాచిన పసివాణ్ని తెచ్చారు. అలాంటి వాపు ఆయన అంతకుముందు చూసి ఎరగడు. కొన్నాళ్లకే ఇంకో ఊళ్లో అచ్చం అలాంటి బిడ్డనే చూశాడు. ఆసుపత్రుల పాత రికార్డులు తిరగేస్తే ఇలాంటి పిల్లలు ఇంకా చాలామంది ఉన్నారు. బర్కిట్ అక్కడితో ఆగలేదు. ఇద్దరు మిత్రులతో కలిసి 1961లో పాత కారు వేసుకుని తూర్పు, మధ్య ఆఫ్రికాలో సుమారు 16 వేల కిలోమీటర్లు తిరిగాడు. ఆగిన ప్రతి ఆసుపత్రిలో ఫొటోలు చూపించి, ఇలాంటి పిల్లలు మీ దగ్గరికి వస్తున్నారా అని అడిగాడు. జవాబులన్నీ పటం మీద గుర్తు పెడితే, వేడి, వాన రెండూ ఎక్కువగా ఉండే పల్లపు ప్రాంతాల్లోనే ఈ జబ్బు ఉన్నట్టు తేలింది. ఎత్తయిన చల్లని చోట్ల లేదు. మలేరియా పటమూ దాదాపు అదే.

ఆ ఏడే లండన్‌లో బర్కిట్ చేసిన ప్రసంగాన్ని ఆంథొనీ ఎప్‌స్టీన్ అనే యువ పరిశోధకుడు విన్నాడు. కంపాలా నుంచి కణితి ముక్కలు విమానంలో తెప్పించుకోవడం మొదలుపెట్టాడు. రెండేళ్లకు పైగా ఏమీ కనబడలేదు. చివరికి 1964లో ఇవాన్ బార్, బెర్ట్ అచాంగ్‌లతో కలిసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఆ కణాల్లో కొత్త వైరస్‌ను చూశాడు. మనిషి క్యాన్సర్‌తో ముడిపడిందని తేలిన మొదటి వైరస్ అదే. దాని పేరు ఎప్‌స్టీన్-బార్.

ఇక్కడొక చిక్కు వచ్చి పడింది. ఈ వైరస్ ప్రపంచంలో నూటికి 90 మందికి పైగా పెద్దవాళ్ల ఒంట్లో ఉంది. లాలాజలం ద్వారా చిన్నప్పుడే వచ్చి, జీవితాంతం అణిగిమణిగి ఉండిపోతుంది. మరి ఆఫ్రికా పిల్లలకే ఈ కణితులు ఎందుకు? పటమే జవాబు చెప్పింది. మళ్లీ మళ్లీ మలేరియా సోకిన బిడ్డలో వైరస్ దాక్కున్న తెల్ల రక్తకణాలు ఆగకుండా విభజన చెందుతుంటాయి. వైరస్‌ను అదుపులో పెట్టాల్సిన రక్షక కణాలు అదే సమయంలో నీరసిస్తాయి. అంతటి హడావిడి విభజనలో ఎప్పుడో ఒక కణంలో రెండు క్రోమోజోములు తెగి, ముక్కలు తారుమారుగా అతుక్కుంటాయి. కణం పెరుగుదలను నడిపే ఒక జన్యువు అలా చేరకూడని చోట చేరి, ఆరకుండా పనిచేయడం మొదలుపెడుతుంది. కణితి అక్కడ పుడుతుంది. దక్షిణ చైనాలో ఇదే వైరస్ ముక్కు వెనక భాగంలో క్యాన్సర్‌కు దోహదం చేస్తుంది. అక్కడ దానికి తోడయ్యేవి వంశపారంపర్యంగా వచ్చే జన్యువులు, పసితనం నుంచీ తినే ఉప్పు చేప. వైరస్ ఒకటే అయినా తోడు దొరికిన వాటిని బట్టి జబ్బు మారింది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కథ ఇంకోలా నడిచింది. 1970లలో దానికి కారణం హెర్పిస్ వైరస్ అని అందరూ నమ్మేవారు. జర్మనీకి చెందిన హెరాల్డ్ జుర్ హౌసెన్ ఎన్ని కణితులు వెతికినా వాటిలో హెర్పిస్ ఆనవాలు దొరకలేదు. పులిపిర్లు పుట్టించే వైరస్‌ల మీద ఆయనకు అనుమానం. 1974లో ఫ్లోరిడాలో ఒక సదస్సులో హెర్పిస్ కనబడలేదని చెబితే సభ మొగ్గు చూపలేదు. పదేళ్ల పట్టుదల తర్వాత 1983లో హెచ్‌పీవీ-16, మరుసటి ఏడు హెచ్‌పీవీ-18 ఆయన ప్రయోగశాలలో బయటపడ్డాయి. ఈ క్యాన్సర్లలో నూటికి 70 ఆ రెండు రకాల వల్లే వస్తాయని ఇప్పుడు తెలుసు. ఆ వైరస్ జన్యు పదార్థాన్ని జుర్ హౌసెన్ దాచుకోలేదు, అడిగిన పరిశోధకులకు ఇచ్చాడు. 2008లో నోబెల్ అందుకున్నాడు.

ఈ వైరస్ చేసే పని తెలుసుకుంటే, క్యాన్సర్ దాని గురి కాదని అర్థమవుతుంది. కంటికి కనబడని చిన్న గీత గుండా అది చర్మపు పొరల అడుగుకు చేరుతుంది. తన పిల్లల్ని చేసుకోవడానికి దానికి సొంత యంత్రాంగం లేదు. కణం విభజన చెందే వేళ వాడుకునే సామగ్రినే వాడుకోవాలి. కానీ పైపొరలకు చేరిన కణాలు విభజన మానేస్తాయి. అందుకని వైరస్ రెండు ప్రొటీన్లు తయారు చేస్తుంది. ఇ7 అనేది విభజనను ఆపి ఉంచే కాపలా ప్రొటీనును పనిచేయనివ్వదు. ఇలా బలవంతంగా పరుగెత్తే కణాన్ని మామూలుగా పి53 అనే మరో ప్రొటీను గుర్తించి, ఆపడమో చంపేయడమో చేస్తుంది. ఇ6 ఆ పి53ని నాశనం చేయిస్తుంది.

ఎక్కువ మందిలో కథ ఇంతటితో ముగుస్తుంది. లైంగిక జీవితం ఉన్న స్త్రీ పురుషుల్లో అత్యధికులకు ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకుతుంది. పదిమందిలో తొమ్మిదిమందికి రెండేళ్లలో దానంతటదే పోతుంది. అందుకే హెచ్‌పీవీ ఉందని తేలడం ఎవరి నడతకూ సాక్ష్యం కాదు. ఈ మాట ప్రతి ఇంట్లో తెలియాలి, ముఖ్యంగా మగవాళ్లకు.

పోకుండా ఏళ్ల తరబడి ఉండిపోయిన కొద్దిమందిలో ఒక ప్రమాదం జరగవచ్చు. వైరస్ జన్యుపోగు గుండ్రంగా ఉంటుంది. అది తెగి మన క్రోమోజోములో ఇరుక్కుంటుంది. తెగిన చోట ఇ6, ఇ7లను అదుపులో పెట్టే భాగం పోతే ఇక వాటికి అడ్డు ఉండదు. ఆ కణంలో వైరస్ కొత్త వైరస్‌లను పుట్టించలేదు. దాని వంశానికి అదే అంతం. కణం మాత్రం తప్పులు పోగేసుకుంటూ విభజన చెందుతూనే ఉంటుంది. మామూలు ఆరోగ్యం ఉన్న స్త్రీలో సోకిన నాటి నుంచి క్యాన్సర్ దాకా పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. హెచ్‌ఐవీ ఉండి చికిత్స అందకపోతే ఐదు, పదేళ్లు చాలు.

అమెరికాలోని బాల్టిమోర్‌లో 1951లో ఈ క్యాన్సర్‌తో చనిపోయిన హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి మహిళ కణాలు, ఆమె అనుమతి లేకుండా తీసుకున్నవి, ఇప్పటికీ ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి. వాటిలో హెచ్‌పీవీ-18 జన్యువులు ఉన్నాయి. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా ఆ కణాల్లో ఇ6, ఇ7లను ఆపేస్తే అవి పెరగడం మానేస్తాయి.

హెపటైటిస్-బి దారి వేరు. అది కాలేయ కణాన్ని నేరుగా చంపదు. వైరస్ చొరబడిన కణాల మీద మన రక్షణ వ్యవస్థే దాడి చేస్తుంది. పోయిన కణాల స్థానంలో కొత్తవి పుట్టాలి, వాటి మీదా దాడి జరుగుతుంది. ఇది ముప్పై, నలభై ఏళ్లు సాగుతుంది. తాళపత్రాన్ని తరతరాలుగా ఎత్తి రాస్తూ పోతే తప్పులు దొర్లినట్టు, జన్యువుల నకళ్లలో తప్పులు చేరతాయి. దానికి తోడు వైరస్ ముక్కలు కూడా కణం జన్యువుల మధ్య ఇరుక్కుని వాటి పనిని చెడగొడతాయి. మద్యం, బూజు పట్టిన వేరుశెనగలో ఉండే అఫ్లటాక్సిన్ విషం ఈ పనిని తొందర చేస్తాయి.

పచ్చకామెర్లు అనగానే ఆకు పసరుకు పరుగెత్తడం మన దగ్గర కొత్త కాదు. కలుషితమైన నీటి వల్ల వచ్చే హెపటైటిస్-ఎ చాలామందిలో దానంతటదే తగ్గుతుంది, పేరు పసరుకు వస్తుంది. బి రకం అలా కాదు. పెద్దయ్యాక సోకితే నూటికి 95 మందిలో పోతుంది. పుట్టినప్పుడు తల్లి నుంచి సోకితే మాత్రం నూటికి 90 మంది పిల్లల్లో జీవితాంతం ఉండిపోతుంది. కళ్లు పచ్చబడవు, జ్వరం రాదు. ఎప్పుడో రక్తదానం చేసినప్పుడో, ఆపరేషన్‌కు ముందు పరీక్షలోనో తెలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో భారతదేశంలో ఇలా వైరస్‌తో బతుకుతున్నవాళ్లు దాదాపు మూడు కోట్ల మంది. బిడ్డ పుట్టిన 24 గంటల్లో మొదటి టీకా పడాలని వైద్యులు పట్టుబట్టేది అందుకే. ఆ ఒక్క రోజు దాటిపోతే తర్వాత వేసే డోసులు దాన్ని పూర్తిగా పూడ్చలేవు.

తైవాన్ 1984లో పసిపిల్లలకు ఈ టీకా మొదలుపెట్టింది. పదేళ్లు తిరిగేసరికి 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో కాలేయ క్యాన్సర్ సగానికి తగ్గింది. లక్షకు 0.70 ఉన్నది 0.36 అయింది. టీకా క్యాన్సర్‌ను ఆపగలదని మనుషుల్లో రుజువైన మొదటి సందర్భం అది. అప్పట్లో విదేశీ టీకా ధర మన మధ్యతరగతికే అందేది కాదు. హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి తన తల్లి పేరు మీద స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశంలోనే తొలిసారి జన్యు సాంకేతికతతో ఈ టీకాను తయారుచేసి, విదేశీ ధరలో చిన్న వంతుకే అమ్మింది. క్యాన్సర్ నివారణలో తెలుగు నేల నుంచి వచ్చిన అతిపెద్ద కానుకల్లో అదొకటి. దానికి ఆ దృష్టితో దక్కాల్సిన గుర్తింపు ఇంకా దక్కలేదు.

రెండో టీకా విషయంలో తెలుగు నేల చవిచూసిన అనుభవం చేదుది. హెచ్‌పీవీ టీకాలో వైరస్ ఉండదు. వైరస్ పైతొడుగు ప్రొటీను ఒక్కటే ఖాళీ గుల్లగా అమరి ఉంటుంది. జన్యువులు లేవు కాబట్టి అది జబ్బు కలిగించలేదు. 2009లో పాథ్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు ఈ టీకా వేయించాయి. గుజరాత్‌లోని వడోదరలోనూ అలాగే జరిగింది. ఆ తర్వాత రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని నిలిపివేసింది. విచారణ సంఘం ఐదు మరణాలకు పాము కాటు, నీటిలో మునగడం, పురుగుల మందు, మలేరియా వంటి వేరే కారణాలు ఉన్నాయని తేల్చింది. మిగతా రెండింటికీ టీకా కారణమయ్యే అవకాశం చాలా తక్కువని చెప్పింది.

కానీ అదే విచారణలో ఇంకో నిజం బయటపడింది. ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో చదివే గిరిజన బాలికల తరఫున ఎన్నో అంగీకార పత్రాల మీద వార్డెన్లే సంతకాలు చేశారు. బిడ్డకు ఏమిస్తున్నారో తల్లిదండ్రులకు తెలియదు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా ఎండగట్టింది. టీకా ఆ పిల్లల్ని చంపలేదన్నది ఎంత నిజమో, వాళ్ల తల్లిదండ్రులకు అన్యాయం జరిగిందన్నదీ అంతే నిజం. ఈ రెంటిలో ఒక్కదాన్నే పట్టుకుని వాదించినవాళ్లు ఆ తర్వాత పదేళ్లు ఈ టీకాను చర్చకే దూరం చేశారు. కూలికి పోయే తల్లికి కూడా నాలుగు మాటల్లో విషయం చెప్పి, ఆమె వేలిముద్రో సంతకమో తీసుకోవడానికి పట్టే సమయం ఎంత? ఆ కాస్త సమయం మిగుల్చుకోబోయి నమ్మకం పోగొట్టుకున్నారు.

ఆ నిలిపివేత దెబ్బ సంబంధం లేని ఇంకో అధ్యయనం మీద కూడా పడింది. దేశంలో పలు కేంద్రాల్లో రెండు డోసులు చాలా, మూడు కావాలా అని తేల్చడానికి 2009 సెప్టెంబరులో ఒక పరిశోధన మొదలైంది. ఉన్నట్టుండి టీకాలు ఆపేయమన్నారు. అప్పటికి టీకా వేయించుకున్న 17,729 మంది బాలికల్లో 4,950 మందికి ఒక్క డోసే పడింది. పరిశోధకులు వాళ్లను వదిలేయలేదు. పెరిగి, పెళ్లిళ్లై, తల్లులయ్యేదాకా ఏళ్ల తరబడి వెంట ఉండి పరీక్షించారు. 2021లో ఫలితాలు వచ్చాయి. హెచ్‌పీవీ-16, 18 ఒంట్లో తిష్ఠ వేయకుండా ఒక్క డోసు నూటికి 95 వంతుల రక్షణ ఇచ్చింది. రెండు, మూడు డోసులవాళ్లకు అందిన రక్షణా దాదాపు అంతే. ఆపేసిన పరిశోధన ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు చెప్పింది. ఈ ఫలితంతో పాటు ఆఫ్రికా దేశాల ఫలితాలనూ చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో, 20 ఏళ్లలోపు వాళ్లకు ఒక్క డోసు కూడా చాలునని చెప్పింది. పేద దేశాలకు ఖర్చు ఒక్కసారిగా తగ్గిపోయింది. స్కాట్లాండ్‌లో 12, 13 ఏళ్లకే టీకా పడిన యువతుల్లో ఒక్కరికీ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాలేదని 2024లో ప్రకటించారు. మన దేశంలో సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్ 2023 నుంచి దొరుకుతోంది.

టీకా అంటే రేపటి తరానికి. ఇప్పటికే ముప్పై, నలభై ఏళ్లున్న తల్లులకు అది ఆలస్యం. ఉన్న వైరస్‌ను అది పోగొట్టలేదు. మన దేశంలో 2022లో 1.27 లక్షల మంది స్త్రీలకు ఈ క్యాన్సర్ వచ్చిందని, దాదాపు 80 వేల మంది చనిపోయారని అంచనా. వీళ్లకు వైరస్ సోకింది ఎప్పుడో. అది క్యాన్సర్‌గా మారేలోపు గడిచిన పదిహేను ఇరవై ఏళ్లలో ఒక్కసారి పరీక్ష జరిగి ఉంటే చాలామంది బతికేవారు. ఇది ఊహ కాదు. మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో లక్షా ముప్పై వేల మంది స్త్రీలతో జరిగిన అధ్యయనంలో, ఒకే ఒక్క హెచ్‌పీవీ పరీక్ష ఎనిమిదేళ్లలో ఈ క్యాన్సర్ మరణాలను దాదాపు సగానికి తగ్గించింది. 2009లో వచ్చిన ఫలితం అది. అయినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో చూస్తే, 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు.

బిడియం, మగ డాక్టరేమోనన్న సంకోచం, ఒక రోజు కూలి పోతుందన్న లెక్క, నొప్పి లేనప్పుడు ఆసుపత్రి ఎందుకన్న మాట, ఇవన్నీ కలిసి ఆమెను ఆపుతున్నాయి. అందుకే హెచ్‌పీవీ పరీక్షకు నమూనాను స్త్రీ తానే తీసుకునే పద్ధతి వచ్చింది. చిన్న మెత్తని బ్రష్‌తో ఇంట్లోనో ఉపకేంద్రంలో తెర చాటునో తీసి ఇస్తే చాలు, ఎవరూ తాకి చూడక్కరలేదు. వైరస్ ఉందని తేలినవాళ్లను మాత్రమే ఆసుపత్రికి రమ్మంటారు. అక్కడ గర్భాశయ ముఖద్వారానికి పలచని ఎసిటిక్ ఆమ్లం, అంటే వంటింటి వెనిగర్‌లో ఉండేదే, అద్ది ఒక నిమిషం ఆగితే మారిన కణాలున్న చోటు తెల్లబడి కనిపిస్తుంది. ఆ మచ్చ క్యాన్సర్‌గా మారకముందే దాన్ని వేడితో మాడ్చేసే చేతి పరికరాలు ఇప్పుడున్నాయి. అవి బ్యాటరీతో నడుస్తాయి, మత్తు ఇవ్వక్కరలేదు, కొద్ది నిమిషాల్లో పని అయిపోతుంది. తేలాల్సిందల్లా వైరస్ ఉందన్న కబురు ఆమెకు ఎవరు చేరవేస్తారు, ఆ పరికరం ఉన్న ఆసుపత్రికి ఆమెను ఎవరు తోడు తీసుకెళ్తారు అన్నదే. ఊళ్లో ఆ పని చేయగలిగేవాళ్లు ఆశా కార్యకర్త, ఏఎన్ఎం. వాళ్లు మోస్తున్న బాధ్యతల జాబితా ఇప్పటికే చాలా పొడుగ్గా ఉంది.